తూకానికి ముందు నాలుగు ముక్కలు

సాయంత్రం నాలుగింటికి తూకం, రేపు పొద్దున పోటీ. మేడమీది గదిలో ఉన్నది అన్నా చెల్లెలూ ఇద్దరే. బాక్సింగ్ నేర్పేవాడు అన్న, రింగెక్కేది చెల్లెలు. అన్న వంటగట్టు దగ్గర నిలబడ్డాడు, చెల్లెలు గోడకి కాళ్ళు ఆనించి చాప మీద పడుకుంది. ఐదు రోజులుగా కడుపు మాడ్చుకున్న మనిషితో మాట్లాడటం ఎంత ప్రమాదమో అన్నకి తొమ్మిదేళ్ళుగా తెలుసు.

"అన్నయ్యా, ఆ చేపని నానబెట్టావా, నిద్రపుచ్చావా? గంటన్నర అయింది."

"నానాలి కదమ్మా. వెల్లుల్లీ మిరియాలూ ముక్క లోపలికి పట్టొద్దూ?"

"రోజూ ఇరవై నిమిషాలేగా! అంతకంటే ఎక్కువసేపు నిమ్మరసంలో ఉంచితే ముక్క పిండి పిండి అయిపోతుందని నా బుర్ర తినేది ఎవరు?"

"ఫోనొచ్చింది. మాట్లాడుతూ మర్చిపోయాను."

"పొద్దుట్నించీ ఆ వరండాలోకెళ్ళి గుసగుసలాడుతూనే ఉన్నావు. ఎవరు?"

"ఎవరో ఒకరు. పోటీ వాళ్ళు. కాగితాలు, సంతకాలు. నువ్వు లేవకు, కాళ్ళు పైకే ఉంచు."

"కాళ్ళు పైకి పెడితే ఆకలి తలకెక్కుతోంది."

"నీకది ఎప్పుడో ఎక్కింది. రాత్రి నిద్రలో దిండు కొరికావు తెలుసా?"

"దిండు కాదు, పొడుగుదాని భుజం. రేపటిదాకా ఆగలేక కలలోనే మొదలుపెట్టాను."

"కొరకడం మన ఆటలో లేదు తల్లీ."

"కలలో ఉంది. అన్నయ్యా, ఒక్క మంచు ముక్క ఇవ్వవూ? చప్పరించి ఉమ్మేస్తాను. ఒట్టు."

"కావాలంటే గ్లాసుడు నీళ్ళు తాగు."

"ఏంటీ?"

"అదే... మంచు ముక్క. మంచు ముక్కే అన్నాను. ఇదిగో."

"గ్లాసుడు నీళ్ళన్నావు. నిన్న పుక్కిలించిన నీళ్ళని కూడా కొలిచి ఉమ్మించావు నాచేత!"

"నోరు జారిందిలే. రేపటి సంగతి చెప్పు. పొడుగుదాన్ని ఏం చేస్తావు?"

"వందసార్లు చెప్పాను."

"నూటొకటోసారి చెప్పు. వింటుంటే నాకు బాగుంటుంది."

"మొదటి రౌండంతా దాని చేతులు కొలుస్తాను. తాటిదూలాల్లా ఉంటాయి. దూరం నుంచే మొహం మీద వేస్తుంది. వెయ్యనీ, రెండు తింటాను. మూడోది వేసేటప్పుడు దాని మోచెయ్యి పైకి లేస్తుంది కదా, అప్పుడు కింద నుంచి దూరి, కుడివైపు పక్కటెముకల కింద ఒక్కటి. సరిగ్గా లివరు మీద. అక్కడ పడితే మనిషి అరవలేడు కూడా. గట్టు మీద పడ్డ చేపలా నోరు తెరుస్తాడు, గాలి మాత్రం లోపలికి పోదు. అది మోకాళ్ళ మీద పడేలోపు దవడ మీద ఇంకోటి."

"దవడ మీదది అక్కర్లేదు. పడ్డాక కొట్టకూడదు."

"పడేలోపు అన్నాను."

"లివరు మీద పడ్డాక ఇంకేం మిగులుతుందే దానిలో? ఒకటి చాలు."

"నువ్వేంటి ఇవాళ పొడుగుదాని పిన్నిలా మాట్లాడుతున్నావు? గెలిస్తే జట్టులోకి వెళ్ళేది నేనా, అదా? తొమ్మిదేళ్ళ నుంచి తెల్లారుజామునే చెమట కారేలా ప్లాస్టిక్ చొక్కా వేసి పరిగెత్తించింది జాలి పడటానికా?"

"సరే సరే. కొట్టు. రెండు కొట్టు."

"ఆ డబ్బా వేడెక్కిందా?"

"రెండొందల డిగ్రీలు పెట్టాను. మూడు నిమిషాలు ఉత్తినే తిరగాలి, అప్పుడు ముక్కలు పెట్టాలి."

"దాన్ని చూస్తే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. పోయినేడాది ఆ ఎర్రజుట్టు పిల్ల ముక్కు మూడుచోట్ల విరిచాను. నా తెల్లచొక్కా దాని రక్తంతో ముందంతా తడిసిపోయింది. కప్పు ఇస్తారని మెట్లెక్కితే ఎయిర్ ఫ్రైయర్ చేతిలో పెట్టారు!"

"మంచిదే కదా. నూనె చుక్క లేకుండా నీకు ఏడాదిగా వండి పెడుతున్నానంటే దాని చలవే."

"ఎర్రజుట్టు దాని ముక్కు చలవ. ఏం చేస్తున్నావు?"

"ముక్కల్ని గుడ్డతో అద్దుతున్నాను. నానిన నీరు పైనుంటే వేగదు, ఉడికిపోతుంది. నీకు తెలియనిదా?"

"తెలుసు. తూచావా?"

"ఆఁ."

"తూచలేదు. ఆ తక్కెడ నొక్కితే పీప్ అంటుంది. నాకు వినపడలేదు."

"కళ్ళతో తూచాను. ఒకదానికొకటి తగలకుండా సర్దాలి, మాట్లాడించకు. ఆఁ... నాలుగూ పట్టాయి."

"నాలుగా?"

"చిన్న ముక్కలే."

"నాకు రెండే కదా. నూట యాభై గ్రాములు దాటితే సాయంత్రం తూకం ముల్లు అటు కదులుతుందని నువ్వేగా భయపెట్టావు? మిగతా రెండూ ఎవరికి?"

"నాకు."

"తూకం రోజు నేను దిగేదాకా నువ్వు మంచినీళ్ళు కూడా ముట్టవు. ఒకసారి కళ్ళు తిరిగి నా కంటే ముందు నువ్వే పడిపోయావు. ఇవాళ చేప తింటావా?"

"వయసవుతోందమ్మా. నీరసంగా ఉంది. పెట్టేశాను, పన్నెండు నిమిషాలు. ఆరో నిమిషంలో తిప్పాలి, గుర్తుచెయ్."

"పిచ్చుక ఫోన్ చేసిందా?"

"ఏ పిచ్చుక?"

"ఊళ్ళో ఎన్ని పిచ్చుకలున్నాయి అన్నయ్యా? మన పిచ్చుక. నాతో ప్రాక్టీసు చేసే పిచ్చుక. ఆదివారం దెబ్బ తగిలి ఆసుపత్రికి తీసుకెళ్ళావే, ఆ పిచ్చుక."

"ఓ అదా. వాళ్ళ అత్తగారింట్లో... మేనత్త ఇంట్లో ఉంది. పడుకోమన్నారు."

"నిన్న అమ్మమ్మ ఇల్లన్నావు."

"అమ్మమ్మా మేనత్తా ఒకే ఇంట్లో ఉంటారు."

"అమ్మ వైపు అమ్మమ్మ, నాన్న వైపు మేనత్త, ఒకే ఇంట్లోనా? బాగా కలిసిమెలిసి ఉంటారు పాపం."

"ఏమోనమ్మా, వాళ్ళింటి చుట్టరికాలు నాకేం తెలుసు? కనుబొమ్మ మీద నాలుగు కుట్లు వేశారు. తగ్గిపోతుంది."

"నా ఫోను ఒక్కసారి ఇవ్వు. ఎలా ఉన్నావే అని అడిగి మళ్ళీ ఇచ్చేస్తాను."

"తూకం అయ్యేదాకా ఫోను నా దగ్గరే. ఎప్పుడూ ఉన్న పద్ధతే."

"ఒక్క నిమిషం."

"వద్దన్నానా?"

"అన్నయ్యా, దానికి అన్నీ గుర్తున్నాయంటావా?"

"ఏవన్నీ?"

"ఆదివారానివి. తలకి దెబ్బ తగిలితే కొంతమందికి ముందు జరిగినవి గుర్తుండవట కదా. మళ్ళీ కనిపిస్తే ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తున్నాను. నామీద ఏమైనా అందా?"

"ఏమీ అనలేదు."

"ఏమీ అనకుండా ఎలా ఉంటుంది? దానికి నోరు ఒకచోట ఆగదుగా. అక్కా అక్కా అంటూ రింగులో కూడా వాగుతుంది."

"మందులిచ్చారు. పడుకుంది. దాని గురించి ఇప్పుడెందుకు? పొడుగుదాని గురించి ఆలోచించు."

"ఆరో నిమిషం."

"ఆఁ, తిప్పుతున్నాను. చూడు, కిందివైపు ఎలా ఎర్రబడిందో! అంచులు కరకరలాడుతున్నాయి."

"లేచి వాసన చూడనా? వాసనకి బరువు పెరగరుగా."

"రా. నెమ్మదిగా లే, కళ్ళు తిరుగుతాయి. ఆ బుట్ట ముట్టుకోకు, కాలుతుంది."

"అబ్బ! దీనికోసం ఒకడి పళ్ళు రాలగొట్టమన్నా రాలగొడతాను. ఇవాళేంటి ఇంత కమ్మగా ఉంది?"

"నీ ఆకలి అలాంటిది."

"ఇక్కడ వెన్న రాశావా?"

"ఒక్క బొట్టు. అంటుకోకుండా."

"వెన్న! సాయంత్రం తూకం పెట్టుకుని వెన్న! నువ్వు పొడుగుదాని దగ్గర లంచం తిన్నావా?"

"కూర్చో. ప్లేటు పెడతాను. ఫోర్కుతో నొక్కితే పొరలు పొరలుగా విడిపోవాలి. విడిపోయిందా? అయిపోయింది. తిను."

"నువ్వేంటి నా నోటి వైపే చూస్తున్నావు?"

"ఏమీ లేదు. తిను... ఎలా ఉంది?"

"ఉప్పుంది."

"ఆఁ?"

"ఇందులో ఉప్పుంది అన్నయ్యా."

"చెయ్యి జారిందేమో."

"ఏ చెయ్యి? ఐదు రోజులుగా ఈ ఇంట్లో ఉప్పు డబ్బా లేదు. నేను దొంగతనంగా నాకుతానని నువ్వే తీసుకెళ్ళి కిందింటి ఆవిడ దగ్గర దాచావు. ఉప్పు కావాలంటే ఇరవై రెండు మెట్లు దిగాలి, తలుపు కొట్టాలి, ఆవిడతో ఓ పావుగంట మాట్లాడాలి, మళ్ళీ ఇరవై రెండు ఎక్కాలి. చెయ్యి జారి ఇవన్నీ చేసిందా?"

"ముందు తిను."

"ఉప్పు తింటే ఒళ్ళు నీరు పడుతుంది. సాయంత్రానికి కిలో పెరుగుతాను. ఇది నాకు నేర్పింది నువ్వు."

"తెలుసు."

"తెలిసే వేశావా?"

"ముందు ఆ రెండు ముక్కలూ తినమ్మా. తర్వాత చెబుతాను."

"తూకం లేదా?"

"తిను."

"తూకం లేదు. కదూ? పొడుగుది తప్పుకుందా? చెప్పు, తప్పుకుందా? భయపడిందా?"

"పొడుగుది తప్పుకోలేదు."

"మరి నన్ను తీసేశారా? అందుకేనా వరండాలో గుసగుసలు? ఏం చేశానని? మూత్రం పరీక్షలో ఏమైనా వచ్చిందా? నేనేం మింగలేదు, జ్వరం మాత్ర కూడా నిన్నడక్కుండా వేసుకోను!"

"అది కాదు."

"మరేంటి? నోరు విప్పు! తొమ్మిదేళ్ళు కొట్టించుకున్నది నేను! పక్కటెముక విరిగినా చొక్కా కింద గుడ్డ చుట్టుకుని ఎక్కింది నేను! నా పోటీ ఎవడు తీశాడు?"

"పిచ్చుక లేదమ్మా. పొద్దున ఐదున్నరకి పోయింది. నేను ఏడింటికి విన్నాను. వాళ్ళ నాన్న చేశాడు ఫోను."

"మేనత్త ఇంట్లో ఉందన్నావు."

"మేనత్త ఇంట్లో ఎప్పుడూ లేదు. ఆదివారం ఆటోలోనే వాంతి చేసుకుంది. ఆసుపత్రి గుమ్మం దాటకముందే మాట పోయింది. రాత్రికి రాత్రి తలకి ఆపరేషన్ చేశారు. లోపల రక్తం గడ్డకట్టిందన్నారు. మూడు రోజులు గొట్టాలతో ఉంది. కళ్ళు తెరవలేదు."

"మూడు రోజులు నువ్వు నాతో నాలుగు కుట్లని చెప్పావు."

"చెప్పాను."

"పొద్దున్నే నన్ను పరిగెత్తించావు. బస్తా కొట్టించావు. 'ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా' అని అరిచావు. అది అక్కడ గొట్టాలతో ఉంటే!"

"బతుకుతుందనుకున్నాను. నువ్వు గెలిచొచ్చాక ఇద్దరం వెళ్ళి చూద్దామనుకున్నాను. ఒట్టు తల్లీ, బతుకుతుందనే..."

"దగ్గరికి రాకు."

"వినమ్మా..."

"రావద్దన్నానా!"

"కొట్టు. సరే, కొట్టు. నాకు దక్కాల్సిందే. ఆఁ... ఇంకోటి. మొహం మీద వద్దు. వద్దంటే! పన్నెండింటికి పోలీసులొస్తారు, మొహం చూస్తారు. కడుపులో కొట్టు."

"ఏడవ్వేంటి? ఏడువు! చచ్చినా ఏడవ్వా నువ్వు?"

"ఊపిరి... ఊపిరి అందనీ. ఆఁ... రాత్రి ఏడ్చాను. స్నానాలగదిలో, కొళాయి తిప్పుకుని."

"ఆ ఫ్రిజ్ ముందునుంచి జరుగు."

"ఇనుమది! చేతికి కట్టు కూడా లేదు. అమ్మో, ఆపు! తలుపు సొట్టపోతే పోయింది, వేళ్ళు ఆడించు. ఇలా చూపించు. ఉంగరం వేలు ఆడుతోందా?"

"నీ పెదవి చిట్లింది."

"నా పెదవి సంగతి తర్వాత. వేలు ఆడించు."

"ఆడుతోంది."

"విరగలేదు. మంచు పెట్టుకో. ఆఁ, ఇప్పుడు మింగినా ఫర్వాలేదు."

"ఎందుకు వండావు ఇదంతా? దాని ప్రాణం పోయిందని తెలిసి, మెట్లు దిగి ఉప్పు తెచ్చుకుని, నిమ్మకాయ పిండుకుని... ఎలా వండావు నువ్వు?"

"ఈ మాట విన్నాక నువ్వు ముద్ద ముట్టవు. నాకు తెలుసు. అమ్మ పోయినప్పుడు నాలుగు రోజులు తినలేదు నువ్వు. ఇప్పటికే ఐదు రోజులు మాడి ఉన్నావు. పోలీసుల ముందు కళ్ళు తిరిగి పడితే ఎలా? ముందు రెండు ముక్కలు కడుపులో పడనిద్దాం, ఉప్పూ వెన్నా వేసి, తర్వాత చెబుదాం అనుకున్నాను. ఇంకేం చెయ్యాలో తెలీలేదమ్మా. చేతులు వాటంతటవే వండాయి."

"వాళ్ళ నాన్న ఏమన్నాడు?"

"బస్సు డ్రైవరు కదా ఆయన. డ్యూటీ మధ్యలో ఆసుపత్రి నుంచి కబురొస్తే బస్సు పక్కకి ఆపి చేశాడట. నన్నేమీ తిట్టలేదు. 'మాస్టారూ, మా పిల్ల మీ చెల్లెలి ఫోటో గోడకి అంటించుకుంది, దాన్ని ఉంచమంటారా తీసెయ్యమంటారా' అని అడిగాడు. ఫోను పెట్టేశాడు."

"పోలీసులకి ఎవరు చెప్పారు?"

"ఆసుపత్రి వాళ్ళు. చెప్పాలి కదా. పోటీ వాళ్ళకీ అక్కడినుంచే తెలిసింది. విచారణ తేలేదాకా నిన్ను ఆపారు. తీసెయ్యలేదు, ఆపారు. ఆ తేడా గుర్తుపెట్టుకో. అందుకే ఇప్పుడు కూర్చుని నేను చెప్పేది వినాలి. ఆదివారం వాన కదా, మిగతా పిల్లలెవరూ రాలేదు. మనం ప్రాక్టీసు చేసే గోదాములో ఉన్నది ముగ్గురమే. ఇప్పుడిద్దరం. ఇద్దరి మాటా ఒకటే ఉండాలి."

"ఏం మాట?"

"తప్పు నాది. అంతే. మంచి హెల్మెట్ నీకిచ్చాను, పట్టీ తెగిన పాతది దానికి పెట్టి టేపు చుట్టాను. పోటీ ముందు నీకేమైనా అయితే అని. దానికేమైనా అవుతుందని తట్టలేదు. అసలు నీకంటే ఐదు కిలోలు తక్కువ పిల్లని నీముందు నిలబెట్టడమే తప్పు."

"అది నిలబడింది."

"నిలబడిందా! మొదటి రౌండులో నిన్ను కింద కూర్చోబెట్టింది. ఎడమ చెయ్యి చూపించి కుడిచేత్తో కొట్టింది చూడూ, నేను మూడేళ్ళు నేర్పినా నీకు రాలేదు అది. నేను చప్పట్లు కూడా కొట్టాను."

"కొట్టావు."

"'శభాష్ పిచ్చుకా, నా చెల్లెల్ని కూర్చోబెట్టినదానివి నువ్వొక్కదానివే' అన్నాను. పాపం, ఎంత మురిసిపోయిందో. ఇంకా ఏదో అన్నాను, గుర్తు రావట్లేదు."

"వచ్చే ఏడు నిన్నే తయారుచేస్తాను అన్నావు."

"అన్నానా?"

"దాని తలమీద చెయ్యేసి అన్నావు. నేనింకా కిందే ఉన్నాను."

"ఏదో సంతోషంలో అని ఉంటాను. చిన్నపిల్ల కదా, ఉత్సాహంగా ఉంటుందని. ఇప్పుడదంతా ఎందుకు? వాళ్ళు మూడో రౌండు గురించి అడుగుతారు. హెల్మెట్ ఎప్పుడు ఊడింది?"

"నా ఎడమచేతి దెబ్బకి. టేపు ఊడి గడ్డం కిందికి జారింది. అది చేత్తో లాగి పడేసింది."

"నువ్వాగలేదు."

"ఆగలేదు."

"ఎందుకాగలేదు? ఎందుకంటే నేను విజిల్ ఊదలేదు కాబట్టి! అది చెప్పాలి. మన పద్ధతేంటి? తొమ్మిదేళ్ళుగా ఆ గోదాములో ఒకటే పద్ధతి. విజిల్ పడేదాకా ఆగకూడదు, ఎదుటివాళ్ళు అమ్మా అన్నా అయ్యో అన్నా ఆగకూడదు. విజిల్ పడ్డాక ఒక్కటి కూడా కొట్టకూడదు. ఈ పద్ధతి పిల్లలందరికీ తెలుసు, గోడమీద కూడా రాసుంది. ఊదేవాడు ఊదకపోతే తప్పు ఊదేవాడిది. కొట్టినవాళ్ళది కాదు."

"నువ్వూదలేదా?"

"ఊదలేదని చెబుతాను."

"నేనడిగేది నిన్ను. ఊదావా, లేదా అన్నయ్యా?"

"ఊదాను. హెల్మెట్ ఊడగానే ఊదాను. నువ్వు దాన్ని భుజంతో మూలకి నెట్టుకుపోయావు. మళ్ళీ ఊదాను. రెండుసార్లు. నువ్వు కొడుతూనే ఉన్నావు. దాని తల అటూ ఇటూ వేలాడిపోయింది, రింగు తాళ్ళు పట్టుకుని ఉంది కాబట్టి పడలేదు. ఇంక నాకు ఒళ్ళు తెలీలేదు, పరిగెత్తుకొచ్చి నిన్ను వెనకనుంచి పట్టుకున్నాను. అప్పటికి ఎన్ని పడ్డాయో!"

"రెండుసార్లు ఊదావు."

"అందుకే చెబుతున్నాను, నీ తప్పు ఇసుమంత కూడా లేదు. ఆ వాన ఎలా కురిసింది? నెత్తిన రేకులు. పక్కన నిలబడి అరిచినా వినపడలేదు ఆ రోజు. పైగా నీ హెల్మెట్ చెవుల మీదకి ఉంది. నీకెలా వినపడుతుంది? మూడు రాత్రులు ఇదే ఆలోచించాను. వినపడి ఉంటే నువ్వు ఆగేదానివి. నాకు తెలీదా నా చెల్లెలు? దాని పుట్టినరోజుకి గ్లవుజులు కొనిచ్చినదానివి."

"వాన గట్టిగానే ఉంది."

"ఉంది కదా! కానీ 'ఊదాడు, ఆమెకి వినపడలేదు' అని చెబితే, వాళ్ళు నమ్ముతారా? నిజంగా వినపడలేదా అని గుచ్చి గుచ్చి అడుగుతారు. ఒకసారి అనుమానం పడితే నువ్వు జన్మలో రింగెక్కవు. అదే నేనసలు ఊదలేదంటే ప్రశ్నే లేదు. నన్ను లోపలేస్తారు, ఏడాదో రెండేళ్ళో. వేయనీ. నాకు రింగుతో పనేముంది? నువ్వు బయటుంటావు. విచారణ తేలాక మళ్ళీ ఎక్కుతావు. తెల్లారుజామున లేపేవాడు ఉండడు, అంతే. అలారం పెట్టుకో."

"జైలుకెళ్తావా నాకోసం?"

"నీకోసం కాకపోతే ఇంకెవరున్నారు నాకు? అలా చూడకు. తిను. చల్లారిపోతోంది. చల్లారితే చేప బాగుండదు."

"పెట్టు."

"ఆఁ?"

"ఇంకోటి పెట్టు. నాలుగూ పెట్టు."

"తల్లీ! తిను. నెమ్మదిగా, ఐదు రోజుల కడుపు. ఏడుపొస్తే ఏడువు, తింటూ ఏడువు, ఫర్వాలేదు."

"ఏడుపు రావట్లేదు."

"వస్తుంది. మెల్లిగా వస్తుంది. దిగ్భ్రమ అంటారు దీన్ని. నీళ్ళు తాగు."

"ఉప్పు సరిపోయింది అన్నయ్యా."

"ఎక్కువవలేదు కదా? ఐదు రోజులైంది కొలత మర్చిపోయి... ఆగు. కింద బండి ఆగింది."

"వాళ్ళేనా?"

"ఇద్దరు దిగుతున్నారు. ఒకావిడ కూడా ఉంది. ఇంకా పావుగంట టైముంది కదా వీళ్ళకి! నా పెదవి తుడువు. నీళ్ళతో కాదు, ఆ తడిగుడ్డతో. ఎలా తగిలిందంటే చేప బుట్ట తీస్తుంటే మూత తగిలిందంటాను. ఆ చెయ్యి వెనక్కి పెట్టుకో. చెప్పు, ఒక్కసారి చెప్పు. మూడో రౌండులో నేను ఊదానా?"

"ఊదలేదు."

"అసలు విజిల్ ఎక్కడుంది?"

"బల్ల మీద."

"నీకేం వినపడింది?"

"వాన."

"ఇంకా?"

"వానే."

"పిచ్చుక ఏమైనా అందా?"

"దాని నోట్లో పళ్ళకడ్డం రబ్బరుంది. మాట అర్థం కాలేదు."

"అంతే. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువొద్దు. మెట్లెక్కుతున్నారు. భయపడకు, నేనున్నాను కదా. నన్ను తీసుకెళ్ళిపోతుంటే వెనకాల పరిగెత్తుకు రావద్దు, చూడటానికి బాగోదు. తలుపు తీస్తున్నాను."

"అన్నయ్యా."

"ఏంటమ్మా? తొందరగా."

"రెండుసార్లు కాదు. మూడుసార్లు ఊదావు. మూడోది తాళ్ళ కింద నుంచి దూరుతూ ఊదావు."